చిప్ తీసేసినా పచ్చలైటే

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో కుదురుకుంటున్న పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: మీ సర్వీసులో చేసిన గొప్ప పని ఏది అని. దానికి చాలాసేపు ఆలోచించాల్సి వస్తుంది. పెద్ద తప్పు ఏదని అడిగితే మాత్రం ఆలోచించక్కర్లేదు. ఆ తప్పు పొడవు పదకొండు లైన్లు. సి అనే కంప్యూటర్ భాషలో రాశాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నలుగురూ మెచ్చుకున్నారు కూడా.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. బొమ్మసంద్రలో ఆసుపత్రి పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. మారతహళ్ళిలో అద్దె ఇల్లు, పొద్దున ఆరూ నలభైకి కంపెనీ బస్సు. దారిలో బస్సు ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ టిఫిన్ డబ్బా తెరిచేవాళ్లం.

మేం చేసేది ఇన్‌ఫ్యూజన్ పంపులు. ఐసీయూలో మంచం పక్కన స్టాండుకు చిన్న పెట్టె తగిలించి ఉంటుంది చూడండి, అది. రోగి నరంలోకి గంటకు ఎన్ని మిల్లీలీటర్ల మందు పోవాలో నర్సు దానిమీద నొక్కుతుంది, పెట్టె కచ్చితంగా అంతే పంపిస్తుంది. నర్సు నొక్కిన అంకె లోపల ఒక మెమరీ చిప్‌లో ఉంటుంది, పంపును నడిపే ప్రోగ్రామ్ వేరే చిప్‌లో. చిప్ పాడైతే అంకె మారవచ్చు. అంకె మారితే లోపలికి పోయే మందు మారుతుంది. అందుకని స్విచ్ వేయగానే పంపు ముందు తన మెమరీని తనే పరీక్షించుకోవాలి. పరీక్ష జరుగుతున్నంతసేపు పసుపు లైటు మిణుకుతుంది. అంతా బాగుంటే పచ్చలైటు. బాగోలేకపోతే ఎర్రలైటు, చెవులు చిల్లులుపడే అలారం.

పాత మోడల్లో ఈ పరీక్షను మా సీనియర్ ఇంజనీరు రాశారు. అసెంబ్లీ భాషలో, ప్రాసెసర్‌కు ఒక్కొక్క అడుగూ విడివిడిగా చెబుతూ రాశారు. ఆయన రిటైరై వెళ్లాక, కొత్త మోడల్‌కు ప్రోగ్రామంతా సి లో మళ్లీ రాయాలన్నారు. ఆ పని నాకు వచ్చింది. ఆయన పరీక్షలో రెండు లూపులు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే చుట్లు, ఉండేవి. మొదటిది మెమరీ అంతటా అంకెలు రాసుకుంటూ పోయేది. రెండోది మళ్లీ మొదటికి వచ్చి వాటిని చదువుకుంటూ సరిచూసేది. ఒక్క లూపుతో పోయేదానికి రెండెందుకు అనుకున్నాను. ఒక గడిలో రాయడం, వెంటనే అదే గడి చదివి సరిచూడడం, పక్క గడికి పోవడం. అలా కుదించాను. ఆ కుదింపు నాకు ఎంతో తెలివిగా కనిపించింది.

కొన్నాళ్లకు ప్రోగ్రామ్ పెరిగి పెరిగి దానికిచ్చిన చోటులో పట్టకుండా పోయింది. అప్పుడు మా మేనేజరు, కంపైలర్‌లో ఆప్టిమైజేషన్ ఆన్ చేసి చూడమన్నారు. ఆయన నెల్లూరు మనిషి, మాట గట్టిగా ఉన్నా మనసు మంచిది. కంపైలర్ అంటే మనం సి లో రాసినదాన్ని ప్రాసెసర్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్. ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే అది మార్చి ఊరుకోదు, అనవసరం అనిపించినవన్నీ తీసేసి ప్రోగ్రామ్‌ను చిన్నగా, వేగంగా చేస్తుంది. ఆన్ చేశాను. ప్రోగ్రామ్ చోటులో పట్టడమే కాదు, పంపు స్విచ్ వేసిన మరుక్షణమే సిద్ధమైపోయేది. అంతకుముందు మెల్లగా ఆరు లెక్కపెట్టేంతసేపు పట్టేది. మీటింగులో మేనేజరు నన్ను లేచి నిలబడమని చప్పట్లు కొట్టించారు. మైసూర్‌పాక్ పంచారు. నేను రెండు ముక్కలు తిన్నాను.

సంతోషించని మనిషి ఒక్కరే. కింద టెస్టింగ్ బెంచీ మీద పనిచేసే ఆవిడ. అత్తిబెలె వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడమ్ అనేది. పంపులో బిగించే ప్రతి సర్క్యూట్ బోర్డూ ఆమె చేతిమీదుగానే పోవాలి. కొత్త ప్రోగ్రామ్ వచ్చిన రెండో రోజే మెట్లెక్కి నా బల్ల దగ్గరికి వచ్చింది.

“పసుపు లైటు వెలిగేదే లేదు మేడమ్. స్విచ్ వేస్తూనే పచ్చది వస్తా ఉండాది.”

ఇప్పుడు ప్రోగ్రామ్ చాలా వేగంగా నడుస్తోందని, పసుపు లైటు కంటికి ఆనేలోపే పరీక్ష అయిపోతోందని ఓపిగ్గా వివరించాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. అది ఒప్పుకున్న తల ఊపు కాదని అప్పుడు గమనించలేదు.

మూడు వారాల తర్వాత క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుంది. ఇదివరకు వారానికి ఒకటో రెండో బోర్డులు మెమరీ బాగోలేదని ఆమె పక్కన పెట్టేది. వాటికోసం బెంచీ మీద నీలం ట్రే ఒకటి ఉండేది. ఆ ట్రే మూడు వారాలుగా ఖాళీగా ఉందని చెప్పింది.

“మంచిదే కదా అక్కా. సోల్డరింగ్ వాళ్లు బాగా చేస్తున్నట్టున్నారు.”

“మనుషులు వాళ్లే, మిషన్లు అవే. ఉన్నట్టుండి అంత బాగా ఎట్ల చేస్తారు మేడమ్?”

నవ్వేసి, సాంబారు చల్లారిపోతోందని చెప్పి లేచాను. ఇప్పటికీ ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఎక్కడ ఉన్నా సిగ్గేస్తుంది.

ఆ తర్వాతి వారం కోలారు దారిలో ఉన్న ఒక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. గుండెజబ్బు మనిషికి నర్సు గంటకు ఐదు అని పెట్టి పక్క మంచం దగ్గరికి వెళ్లి వచ్చేసరికి పంపు మీద అరవై తొమ్మిది కనిపించిందట. ఆవిడ అరక్షణం ఆలస్యం చేయకుండా గొట్టం క్లిప్ మూసేసి, వేరే పంపు పెట్టింది. రోగికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం పూర్తిగా ఆ నర్సు చలవే.

ఆ నర్సుతో ఫోన్‌లో నేనే మాట్లాడాను. బటన్ తప్పు నొక్కి ఉంటారేమో ఒకసారి గుర్తు చేసుకోండని అడిగాను. “నేను ఐదే పెట్టినా” అని ఒక్క మాట అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పంపు వెనక్కి వచ్చింది. నా బల్ల మీద పెట్టి స్విచ్ వేశాను, పచ్చలైటు. పదిసార్లు వేశాను, పదిసార్లూ పచ్చే. మెమరీ బాగానే ఉంది కాబట్టి తప్పు బయటిదే అయి ఉండాలి అనుకున్నాను. నర్సు పొరపాటుగా నొక్కి ఉంటుందని రాయడమే మిగిలిందని మేనేజరు అన్నారు. నేను రిపోర్టు టైపు చేయడం మొదలుపెట్టాను. ఒక పేజీ నిండింది కూడా. ఐదుకూ అరవై తొమ్మిదికీ మధ్య తేడా అరవై నాలుగు. మెమరీలో ఒక్క బిట్టు, సున్నానో ఒకటో దాచే ఒకే ఒక్క గుర్తు తిరగబడితే వచ్చే తేడా అది. వేలు జారితే యాభై ఐదు వస్తుంది, యాభై వస్తుంది, అరవై తొమ్మిది ఎలా వస్తుంది? మెమరీ మీద పనిచేసేదాన్ని, నాకు ఇది మొదటి నిమిషంలోనే తట్టి ఉండాలి. రెండో పేజీ మొదట్లో తట్టింది.

టైపు చేయడం ఆపి, బోర్డు తీసుకుని కిందికి వెళ్లాను. అక్క దగ్గర పెద్ద భూతద్దం ఉండేది. చిప్ కాళ్లు ఒకసారి చూడమన్నాను. ఆమె చూసింది, సాకెట్‌లో దుమ్ము ఉన్నట్టుందని చిన్న పట్టకారుతో చిప్‌ను పైకి లాగి ఎడమచేతిలో పట్టుకుంది. కుడిచేత్తో సాకెట్ తుడిచింది. తర్వాత రోజుకు వందసార్లు చేసే అలవాటు కొద్దీ స్విచ్ నొక్కింది.

పచ్చలైటు వెలిగింది.

స్విచ్ ఆపి మళ్లీ వేసింది. మళ్లీ పచ్చే.

“చిప్ నా చేతిలో ఉండాది మేడమ్,” అంది అక్క మెల్లగా. “ఇది దేన్ని చూసి బాగుందంటాది?”

పైకి పరుగెత్తాను. కంపైలర్ ఆ పదకొండు లైన్లను ఏం చేసిందో కాగితం మీద ప్రింటు తీశాను. పరీక్ష ఉండాల్సిన చోట ఒక్క మాట మిగిలింది: “బాగుంది అని చెప్పు.” అంతే.

జరిగింది ఇదీ. ఈ గడిలో ఈ అంకె రాయి, ఇప్పుడు చదువు, తేడా ఉంటే చెప్పు అని నేను రాశాను. ఇప్పుడే రాశాను కదా, మధ్యలో ఇంకెవరూ ముట్టుకోలేదు కదా, చదివితే అదే వస్తుంది, చదవడం దండగ అనుకుంది కంపైలర్. చదవడం తీసేసింది. ఎవరూ చదవనప్పుడు రాయడం మాత్రం ఎందుకని అదీ తీసేసింది. దాని నియమాల ప్రకారం అది చేసిన దాంట్లో తప్పేమీ లేదు. మెమరీనే అనుమానించాలని దానికి నేను చెప్పలేదు. చెప్పడానికి సి లో ఒక మాట ఉంది, వోలటైల్ అని. ఈ చోట ఉన్నది నీకు తెలియకుండా మారవచ్చు, అడిగిన ప్రతిసారీ నిజంగా వెళ్లి చూడు అని దానర్థం. కాలేజీలో ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా రాసిన మాటే. నెలకు పైగా మా పంపులు ఏ పరీక్షా లేకుండా ఆసుపత్రులకు పోతున్నాయి.

ఆ సాయంత్రమే ఇంకో లారీ బయలుదేరాల్సి ఉంది. పంపులు పెట్టెల్లో సర్దేసి ఉన్నాయి. వాటిని పంపవచ్చని పెట్టిన సంతకం నాదే. మేనేజరు గదికి వెళ్లి లారీ ఆపమన్నాను. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత, వీటిని పోనిచ్చి, వచ్చే నెల సర్వీసు వాళ్లను పంపి ప్రోగ్రామ్ మార్పిద్దామన్నారు. ఆయన మీద పైనుంచి ఎంత ఒత్తిడి ఉందో నాకు తెలుసు.

“కుదరదు సార్. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. రాతపూర్వకంగా ఇస్తాను.”

“ఏమ్మా, నువ్వు పెట్టిన సంతకమే కదా అది? నువ్వే చూశానన్నావు కదా?”

“చూడలేదు సార్. చూశానని అనుకున్నాను. మీరు ఒక్కసారి కిందికి రండి.”

ఆయన నాతో వచ్చారు. అక్క పట్టకారు ఆయన చేతికిచ్చింది. ఆయనే సొంతంగా చిప్ ఊడదీసి, జేబులో వేసుకుని, స్విచ్ వేశారు. పచ్చలైటే వెలిగింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, అక్కడి ఫోన్ నుంచే గేటుకు కబురు చేశారు, లారీని లోపలికి తిప్పమని.

ఇక్కడితో అయిపోయిందని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడు వోలటైల్ పెట్టి ప్రోగ్రామ్ మళ్లీ తయారుచేశాను. కోలారు పంపులో వేశాను. పసుపు లైటు మిణికింది, మిణికింది, నాలుగో సెకనులో ఎర్రలైటు వెలిగి అలారం మోగింది. నర్సు అన్నది నిజమే, చిప్‌లో ఒక బిట్టు దెబ్బతిని ఉంది. మేనేజరు ఊపిరి పీల్చుకుని, ఇక పంపించేద్దామన్నారు. అక్క మాత్రం మంచి బోర్డు ఒకటి తీసుకుని, మళ్లీ చిప్ ఊడదీసి, స్విచ్ వేసింది.

పసుపు లైటు బాగానే మిణికింది. చివర్లో పచ్చలైటు వచ్చింది.

చిప్ లేకుండా ఎవడు పంపుతాడమ్మా, ఇక చాలు అన్నారు మేనేజరు. అక్క ఒప్పుకోలేదు. సాకెట్లో చిప్ కాలు ఒకటి వంగి బయటికి ఉండిపోవడం తను నెలకొకసారైనా చూస్తానని, అది ఆ కాలి వరకు చిప్ లేనట్టే కదా అని అంది. నేను అక్క వైపే నిలబడ్డాను. ఈసారి అర్థం కాకుండా దేనిమీదా సంతకం పెట్టకూడదని గట్టిగా అనుకున్నాను. ప్రింటు తీసి చూశాను. రాయడం ఉంది, చదవడం ఉంది, సరిచూడడం ఉంది. కంపైలర్ ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. మరి లేని చిప్ నుంచి సరైన అంకె ఎలా వస్తోంది? రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు ఆదివారం. కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి కె.ఆర్.పురం వెళ్లాను, స్టేషను వెనక సందులో ఉన్న మా సీనియర్ ఇంజనీరుగారి ఇంటికి.

ఆయన వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, నా పదకొండు లైన్లూ చదివారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

“నా రెండు లూపులను ఒకటి ఎందుకు చేశావమ్మా?”

చిన్నగా ఉంటుందని అన్నాను.

ఆయన తిట్టలేదు, విడమరిచి చెప్పారు. ప్రాసెసర్‌కూ చిప్‌కూ మధ్య బోర్డు మీద సన్నని రాగి గీతలుంటాయి. వాటిమీదికి ఒక అంకె పంపితే ఆ గీతలే దాన్ని రెప్పపాటు కాలం పట్టుకుని ఉంటాయి. రాసిన వెంటనే చదివితే, అవతల చిప్ లేకపోయినా ఆ గీతల మీద మిగిలిందే తిరిగి చేతికొస్తుంది. అందుకే ముందు అన్ని గడుల్లోనూ వేర్వేరు అంకెలు రాసేయాలి, తర్వాత మొదటినుంచి చదువుకుంటూ రావాలి. అప్పటికి గీతల మీద పాత అంకె ఉండదు, చిప్ నిజంగా దాచుకుని ఉంటేనే జవాబు వస్తుంది.

“ఇది మీరు ప్రోగ్రామ్‌లో ఎక్కడా రాయలేదు సార్,” అన్నాను. ఉక్రోషంగానే అన్నాననుకుంటాను.

“రాయలేదు,” అన్నారాయన. “నాకు తెలుసు కదా అనుకున్నా. సగం తప్పు నాది, రాసుకో.”

వాళ్లావిడ కాఫీ తెచ్చింది. తాగి, మళ్లీ బస్సెక్కాను.

సోమవారం రెండు లూపులతో, వోలటైల్‌తో పరీక్షను మళ్లీ రాశాను. ఒక్కో లైనూ ఎందుకుందో పక్కనే వివరంగా రాశాను. పదకొండు లైన్లు పద్దెనిమిదయ్యాయి, వాటికి ముప్ఫై లైన్ల వివరణ. అక్క చిప్ తీసింది: ఎర్రలైటు, అలారం. ఒక కాలు పైకి వంచి పెట్టింది: అలారం. రెండు కాళ్లను తీగతో కలిపింది: అలారం. బెంచీ చుట్టుపక్కల వాళ్లు చెవులు మూసుకున్నారు. అక్క మాత్రం ఒక్కొక్క అలారానికీ ఒక్కొక్క తప్పు పుస్తకంలో రాసుకుంటూ పోయింది. ఆ రోజు నుంచి మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ పరీక్షనైనా, అది ఫెయిలవడం మన కళ్లతో చూసేదాకా పాసైందని నమ్మకూడదు. దానికి చెడ్డ బోర్డులు తయారుచేసే బాధ్యత అక్కకు అప్పగించారు మేనేజరు. ఆమె అంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి చూడలేదు నేను.

ఆ నెల పైచిలుకులో బయటికి పోయిన పంపులన్నిటినీ వెతికి పట్టుకోవడానికి ఇంకో నెలన్నర పట్టింది. సర్వీసు వాళ్లతోపాటు నేనూ తిరిగాను. ఎవరూ వెళ్లమనలేదు, నేనే పట్టుబట్టాను. ఇంకో రెండు పంపుల్లో మెమరీ చెడి ఉంది. అదృష్టంకొద్దీ ఒకటి ఇంకా పెట్టెలోంచే తీయలేదు, రెండోదాన్ని స్టోరులో పెట్టారు.

కోలారు దారిలోని ఆసుపత్రికి ఆఖర్న వెళ్లాను. ఆఖరుకు ఎందుకు వాయిదా వేశానో నాకు తెలుసు. ఐసీయూలో ఆ నర్సు లేదు, జనరల్ వార్డులో ఉందన్నారు. వెళ్లి కలిశాను. ముప్ఫై ఏళ్ల మనిషి, బక్కపలచగా ఉంది. పంపు బాగుచేసి తెచ్చామని చెప్పాను.

“బాగైందని ఎట్ల నమ్మేది?” అంది.

ఆమె ముందే పంపు వెనక మూత తీసి, చిప్ ఊడదీసి, స్విచ్ వేశాను. అలారం వార్డంతా మోగింది. వెంటనే ఆపబోయాను. ఉండనీమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, పూర్తిగా విన్నాక ఆపమంది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

“ఆ పొద్దు ఫోన్‌లో, బటన్ తప్పు నొక్కినారా అని అడిగింది మీరేనా మేడమ్?”

“నేనే.”

“కంపెనీ వాళ్లు అట్ల అనినారని తెలిసి మా మేట్రన్ నన్ను ఐసీయూ నుంచి తీసేసింది. ఈడ వేసి రెండు నెలలాయ.”

నేను పంపించని రిపోర్టు కూడా ఒక మనిషిని శిక్షించగలదని నాకు తెలియదు. ఫోన్‌లో అడిగిన ఒక్క ప్రశ్న చాలింది. క్షమించమని అనడానికి నోరు తెరిచాను. కానీ ఆ మాట ఆమెకు ఎందుకూ పనికిరాదని తట్టింది. కేస్‌షీట్ల బల్ల మీద ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, నిలబడే, మేట్రన్ పేరున రాశాను. మీ నర్సు నొక్కిన అంకె సరైనది. తప్పు మా పంపుది. దాని ప్రోగ్రామ్ రాసింది నేను, పరీక్షించకుండా పంపింది నేను, కారణం తెలుసుకోకముందే మీ నర్సును అనుమానించింది కూడా నేనే. ఆవిడ గొట్టం మూయకపోతే ఒక ప్రాణం పోయేది. సంతకం పెట్టాను. కంపెనీ ముద్ర లేదు. పైవాళ్ల అనుమతి లేదు. అవి లేకుండా రాసినందుకు తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది, ఇచ్చుకున్నాను.

నర్సు కాగితం అందుకుని, మొదటినుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదివింది. చదవడం అయ్యాక మళ్లీ మొదటికి వెళ్లి ఇంకోసారి చదివింది. తర్వాత దాన్ని నాకే తిరిగి ఇచ్చింది.

“నా చేతికి ఇస్తే నేను రాయించుకున్నా అంటారు,” అంది. “మేట్రన్ రూము పైన ఉండాది. రండి, మీరే ఇవ్వండి.”

ఆమె ముందు నడిచింది. కాగితం పట్టుకుని నేను వెనక మెట్లెక్కాను.